ముప్ఫై ఒక్క పాళ్ళు

ఇటు వచ్చి కూర్చో, ఆ కుర్చీ కాలు ఊగుతుంది.
కొత్తగా పెట్టించుకున్నట్టున్నావు.
ఎడమ చేతిని పసిబిడ్డలా
ఒళ్ళో పెట్టుకున్నావుగా, అందుకే తెలిసింది.
నన్ను జెఫెరీను అంటారు. వియానా ఓడల కార్ఖానాలో
ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇనుముకి ఇనుము అతికాను.

మోచెయ్యి భుజం దాటనివ్వకు, ఆరు వారాలు.
అలాగని బొత్తిగా కదపకుండా దాచుకోకు.
నేను భయానికి దాచుకున్నాను.
వానకి ఉబ్బిన తలుపులా భుజం బిగుసుకుపోయి
దువ్వెన తల దాకా రావడానికి మూడు నెలలు పట్టింది.

ఫోను కుడి జేబులో. మాట్లాడితే కుడి చెవికి.
కారు నువ్వే నడిపితే బెల్టు సరిగ్గా దానిమీదే పడుతుంది,
పక్క సీట్లో అయితే పడదు.
మా దెయోలిందా నా పాత చొక్కా చెయ్యి కత్తిరించి
బెల్టుకి తొడుగు కుట్టింది.
అలా ఏదైనా చేసుకో, బెల్టు మాత్రం మానకు.

కొట్ల గుమ్మాల్లో దొంగల్ని పట్టే గేట్లుంటాయే,
వాటి మధ్య ఆగి కబుర్లు చెప్పొద్దు, దాటి వెళ్ళిపో.
మొదట్లో ఊపిరి బిగబట్టి దాటేవాణ్ణి
ఏమీ దొంగిలించని దొంగలా.

కోడలింట్లో మంట లేని పొయ్యి.
దానికీ నాకూ మధ్య మూర పైనే ఎడం.
వంగి మూత తీసి వాసన చూసే అలవాటు పోయింది,
చేప ఉడికిందో లేదో
ఇప్పుడు విని చెబుతాను.

ఆగస్టు జాతరలో పెద్ద డోళ్ళు ఉన్నాయని
డాక్టరమ్మని అడిగాను, సిగ్గు లేకుండా.
డోలు అయస్కాంతం కాదుగా, వెళ్ళండి అంది.
వెళ్ళాను. ముందు వరసలో నిలబడ్డాను.
గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి, ఒక్కటీ పట్టాలు తప్పలేదు.

వెల్డింగు మాత్రం పోయింది.
ఆమె కాగితం మీద నా మిషను ఆంపియర్లు రాసుకుని
చాలాసేపు చూసి
అడ్డంగా గీత కొట్టింది.

ఇంకో గీత తెల్మో గీశాడు, సుద్దతో, షెడ్డు నేలమీద.
మేస్త్రీ, ఇది దాటొద్దు, అన్నాడు.
చెయ్యి పట్టుకుని వాడికి నిప్పు నేర్పింది నేను.
గీతకి ఇవతల, నల్లద్దం పెట్టుకుని
ఆ నీలం వెలుగు చూస్తాను.
చప్పుడు మారిందంటే అరుస్తాను:
చెయ్యి తొందరపడుతోందిరా!

అది టిక్కుమంటుందేమో అని భయమా?
అనదు. మనవడు చెవి ఆనించి
చాలాసేపు విని
పాడైపోయిందన్నాడు.

దెయోలిందాకి ఒక లాడం అయస్కాంతం ఉండేది,
కుట్టుమిషను కింద గుండుసూదులు ఏరుకోవడానికి.
నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి
అది కోళ్ళ గూట్లో మేకుకి వేలాడుతోంది.
ఇంత దూరం అక్కర్లేదే, ఒంటికి తగలకపోతే చాలు, అన్నా వినదు.
ఇప్పుడు సూదులు వేళ్ళతో వెతుక్కుంటుంది,
కళ్ళజోడు ముక్కు చివరికి దించి.
దొరకనిది ఒకటి మొన్న నా కాల్లో దిగింది.
అబ్బా అని నేను గెంతుతుంటే
ఆవిడ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

పోయినసారి ఇక్కడే, ఈ గదిలోనే,
మిషను చూసే ఇవోన్ కాగితం చదివి చెప్పింది:
నూటికి అరవై తొమ్మిది యంత్రం కొట్టినవి,
ముప్ఫై ఒకటి మీ సొంతం.
ఏవి నావి? అని అడిగాను.
వాటికి పేర్లుండవు తాతా, అంది.

అప్పటి నుంచి నాకిదే లెక్క.
కాల్లో సూది దిగినప్పటిది నాదే.
డోళ్ళవి సగం సగం.
సుద్దగీత దగ్గరవి
నాకు వదిలెయ్యమంటాను.

అదిగో, నిన్నే పిలుస్తున్నారు.
కార్డు పర్సులో పైకి కనబడేలా ఉందా? మంచిది.
లోపల ఒక్క క్షణం నెమ్మది చేసి చూస్తారు,
తల తేలినట్టుంటే చెప్పు, మొహమాటపడకు.
నేనిక్కడే ఉంటాను.
వచ్చేటప్పుడు
నీవెన్నో చెప్పి వెళ్ళు.