చేబదులు

ప్లోవ్‌దివ్‌లో ట్రాలీబస్సు మలుపు తిరిగే చోట
నేలమాళిగలో మా జిమ్.
రబ్బరు చాపల వాసన, చేతులకు రాసుకునే సుద్దపొడి,
ఎవరూ తుడవని నిలువుటద్దం.
డబ్బాలు అమ్మేది నేనే. కామెన్ అంటారు,
మా భాషలో రాయి అని.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
డెబ్బై నాలుగేళ్ళ వెసెలీనా
పద్నాలుగు మెట్లూ గోడ పట్టుకుని దిగింది.
కోటు మీది మంచు దులుపుకోకుండానే అడిగింది:
"కండలవాళ్ళు తాగే ఆ తెల్లపొడి
మాటలక్కూడా పనిచేస్తుందటగా?"

బెంచి మీద పడుకున్న స్తానిమీర్
బరువు కిందనుంచే నవ్వాడు.

నలభై ఏళ్ళు ఊరి పత్రికకి
పదాల గళ్ళు అల్లిన మనిషి.
అడ్డం, నిలువు, నల్లగడి.
ఆదివారం పొద్దున ఊరంతా
పెన్సిలు కొరికింది ఈవిడ వల్లే.
మా తాత ఒకసారి కోపమొచ్చి
పేజీ పేజీనే పొయ్యిలో పెట్టాడు.
ఇప్పుడు ఈవిడ గళ్ళే ఖాళీ అవుతున్నాయి.

"బట్టలు కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే
చిన్న ఇత్తడి టోపీ,
ఒళ్ళంతా స్ఫోటకం మచ్చలు,
దాని పేరు చెప్పు" అంది.
నాకూ రాలేదు.
ఇరవై ఆరేళ్ళవాణ్ణి, నూట నలభై కిలోలు ఎత్తుతాను,
రాలేదు.

తెలిసినంత చెప్పాను.
ఇది మందు కాదమ్మా.
ఒంట్లోనే పుడుతుంది, మాంసంలో ఉంటుంది, చేపలో ఉంటుంది.
కణానికి ఉన్నట్టుండి శక్తి చాలనప్పుడు
నోటు లేకుండా, వడ్డీ అడక్కుండా
గుప్పెడు చేబదులిచ్చే పక్కింటి మనిషి లాంటిది.
కండ చెయ్యి చాచి పుచ్చుకుంటుంది.
మెదడు అలా కాదు,
తన వంట తనే వండుకునే అభిమానవంతురాలు,
వచ్చినవాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడుతుంది.
కాస్త లోపలికి పోతుందేమో,
నిద్ర చాలనివాళ్ళకి అక్కరకొస్తుందేమో,
ముసలితనం సంగతి
ఇంకా కొలుస్తూనే ఉన్నారు.

నా ఏమోలని ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది.
"మా డాక్టరు ఇంతకు మూడింతలన్నాడు.
కిడ్నీలు బాగున్నాయన్నాడు, దానికి మాత్రం ఏమో లేదు."
డబ్బా తిప్పి పేరు చదివింది.
"గ్రీకులో మాంసం అనే మాటనుంచి వచ్చింది.
మా గళ్ళలో ఏడు పడుతుంది.
నలభై ఏళ్ళలో ఒక్కసారీ వాడలేదు, పాపం."

కావాలా, అన్నాను.
తల అడ్డంగా ఆడించింది.
మా దేశంలో దానర్థం ఔనని.

రోజూ ఒక చెంచా, అంచుకి సమంగా,
ఉప్పు వేసిన పల్చటి మజ్జిగలో.
అడుగున ఇసకలా మిగిలిందాన్ని
వేలితో తుడిచి నాకుతుందట.
పొడి మాత్రమే చాలదని
రెండు కిలోల డంబెల్ చేతికిచ్చాను.
స్తానిమీర్ ఇప్పుడు నవ్వడం లేదు,
పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు,
ఎనిమిది తర్వాత మళ్ళీ ఎనిమిదంటాడు, దొంగ.

జూన్‌లో లిండెన్ పూసింది.
మెట్లు గోడ పట్టుకోకుండా దిగుతోంది.
పొడి వల్లా, మెట్ల వల్లా,
మధ్యాహ్నం తనకోసం ఎదురుచూసేవాళ్ళు
ఇద్దరున్నందువల్లా?
ఏమో. ఇది ఇంకొకటి, లెక్కలో వేసుకోండి.

ఆ ఇత్తడి టోపీ పేరు
పై అంతస్తు దర్జీ జ్ద్రావ్కాని అడిగి తెలుసుకున్నాను.
చెబుదామని నోరు తెరిస్తే
ఆవిడ అరచేత్తో మూసింది.
అరచెయ్యి ఇనుం వాసన.
"జవాబులు మేం తలకిందులుగా అచ్చేసేవాళ్ళం.
ఎందుకనుకున్నావు?
మొదటి అక్షరం ఇవ్వు, చాలు.
చేబదులే."

ఇచ్చాను.

డంబెల్ చోటులో పెట్టింది,
కోటు బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుంది,
పెదాలు లోలోపలే కదుపుతూ
మెట్లెక్కింది.
తొమ్మిదో మెట్టు మీద ఆగి
వెనక్కి చూసింది.

తల అడ్డంగా ఆడించింది.