చెయ్యి తిరిగిన తుపాకి

కౌడర్స్‌పోర్ట్‌లో నవంబరు మొదటి వారం.
రోండా కొట్లో గాజుబల్ల మీద రెండు తుపాకులు,
మధ్యలో ఎల్వుడ్ క్రైడర్ ఎడమ చెయ్యి.

ఆ చేతికి మూడు వేళ్లే.
ఉంగరం వేలూ చిటికెన వేలూ
మార్చిలో రంపపు మిల్లు తీసుకుంది.
తన తుపాకిని ఏప్రిల్లో, కట్లు విప్పకముందే
అల్లుడికి అమ్మేశాడు.
మిగిలిన వేళ్లని ఇన్ని నెలలుగా నేను వంచుతున్నాను, చాపుతున్నాను,
పసుపుపచ్చ రబ్బరు ముద్ద పిసికిస్తున్నాను.
"నువ్వూ రా, ఈ చెయ్యి నాకంటే నీకే బాగా తెలుసు" అన్నాడు.
వచ్చాను.
తుపాకిని ఇంత దగ్గరగా చూడ్డం ఇదే మొదలు.

ఈ రాష్ట్రంలో జింక మీదికి
తనంతట తాను గుండు నింపుకునే తుపాకి పనికిరాదట.
ప్రతి గుండుకీ మనిషే
ముందు చెక్కని వెనక్కి లాగి ముందుకి తొయ్యాలి,
ఎడమ చేత్తో.
కుడిచేత్తో తిప్పేవి కూడా ఉన్నాయంది రోండా, గోడ చూపిస్తూ.
ఆయన గోడ వైపు చూడలేదు.

కొత్తది నల్లగా, మెరుపు లేకుండా ఉంది.
దాని చెక్క చెక్క కూడా కాదు.
వానకి ఉబ్బదు, మంచుకి పగలదు.
లాగితే కొత్త సొరుగులా బిగువుగా వచ్చి
ఠక్కున ఆగింది.
ఎల్వుడ్ దవడ కూడా బిగిసింది, చూశాను.

పాతది ఆయన పుట్టిన ఏటిది, యాభై ఎనిమిది.
నీలిరంగు పోయి, మోసిన చోట
తోమి తోమి అరిగిన గిన్నెలా తెల్లబడింది.
ముందు చెక్క చుట్టూ గాడులు,
గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండె.
భుజానికెత్తితే గలగలమంది.
"జింకలకి ముందే ఉత్తరం రాసినట్టు" అంది రోండా.

కొత్తొక వింత, పాతొక రోత.
నోటిదాకా వచ్చింది, మింగేశాను.
ఆయన చూపుడు వేలు ఒక గాడిలో, నడిమి వేలు ఇంకోదాంట్లో,
బొటనవేలు అవతల.
లేని వేళ్ల కింద గాడులు ఖాళీగానే ఉన్నాయి,
చెక్క మాత్రం జారలేదు.
లాగాడు. నూనె పెట్టిన తలుపులా వచ్చింది.
తోశాడు. లాగాడు. తోశాడు.
అలవాటు కొద్దీ లోపల లెక్కపెట్టుకుంటున్నాను,
ఎనిమిది, తొమ్మిది, పది.
క్లినిక్‌లో ఆరుకే ఇక చాలనేవాడు.

మా భాషలో పని వంటబడితే
చెయ్యి తిరిగింది అంటాం.
నా ఉద్యోగంలో మణికట్టు
ఎన్ని డిగ్రీలు తిరిగిందో గడిలో రాస్తాం.
ఈ రెండు తిరగడాలూ చుట్టాలని
ఇన్నేళ్లలో ఒక్కనాడూ తోచలేదు.

దీన్ని ఇంత మెత్తగా అరగదీసింది ఎవరో
రోండాకి తెలీదు. వేలంలో వచ్చిందట, పేరు లేకుండా.
ఎవరిదో చెయ్యి తిరిగి తిరిగి
చివరికి తుపాకికే చెయ్యి తిరిగింది.

"మరి ఈ చప్పుడు?" అన్నాడు, నన్నే అడిగినట్టు.
సంచి తెరిచాను.
చేతిపట్టీ లోపల ఒరుసుకోకుండా అంటించే
గోధుమరంగు మెత్తగుడ్డ, వెనక జిగురుది.
రెండంగుళాలు కత్తిరించి ఇస్తే
గొట్టానికీ చెక్కకీ మధ్య రోండా సూదితో దూర్చింది.
ముగ్గురం వంతులవారీగా ఊపి చూశాం.
ఏమీ లేదు.

కొత్తదానికంటే చవకే,
అయినా అరగంట బేరమాడాడు.

డిసెంబరు మొదటి సోమవారం పదిన్నరకి
ఆయన అపాయింట్‌మెంట్. రాలేదు.
కారణం రాయాల్సిన చోట
కాసేపు కలం ఆడించి
"ఇంటి దగ్గర వ్యాయామం" అని రాశాను.