కానుకల పద్దు

బంగారుపాళెంలో మామిడి మండీ వెనకాల
రేకుల షెడ్డు ఒకటుండాది. అదే మా మందిరం.
రెండో పాట అయిపోయినాక అయ్యగారు
"సాక్ష్యాలుంటే చెప్పండమ్మా" అంటారు.
అప్పుడు నేను పెన్ను మూత తీస్తాను.

వారమంతా జ్యూస్ ఫ్యాక్టరీ గేటు కాడ
తోతాపురి లారీలు తూకమేసే చెయ్యి ఇది.
టన్నుకింతని తరుగు కొట్టడం బాగా తెలుసు దీనికి.
ఇక్కడ తరుగు లేదు.
చెప్పింది చెప్పినట్టు రాయాల.

ఏలియాజరు, ఇరవై రూపాయలు.
స్కూటీ పైనుంచి పడినా
గుడ్ల అట్టలో ఒక్క గుడ్డూ పగలనందుకు.
మోచేతికి పుత్తూరు కట్టుండాది.
దాని సంగతి ఆయన ఎత్తలేదు, నేను రాయలేదు.

పరంజ్యోతి లేచి నిలబడింది.
కొంగుముడి విప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ విప్పి
"పదకొండేండ్లకు మా అత్త
నన్ను పేరు పెట్టి పిలిచినాది" అనింది.
ఆడోళ్ళ చాప మీద మొదటి వరసలోనే
ఆ అత్త బైబిల్లో ఏదో వెతుక్కుంటా ఉండాది,
పుస్తకం తలకిందులుగా పట్టుకొని.
యాభై అని రాసినాను.
పక్కన కారణం రాసేటప్పుడు
ఆ పేరును కొంచెం పెద్దక్షరాల్లో.

నవోమమ్మ డబ్బు తేలేదు.
నాలుగు గిన్నెల క్యారియర్ తెచ్చినాది.
"శుక్రవారం రాత్రి ఆవు ఈనిందయ్యా.
కరెంటు లేదు. దూడ అడ్డం తిరిగింది.
పక్కింటి చెంగల్రాయుడన్న
సెల్లు లైటు పళ్ళతో కరిచి పట్టుకొని
రెండు చేతులతో లాగినాడు. పెయ్యదూడ.
జున్ను మొదటి గిన్నె వాళ్ళింటికిచ్చి
ఆ తర్వాతే ఇక్కడికి తెచ్చినాను.
దేవుడికేం కోపం రాదు గదా?"
అయ్యగారి నోట్లో అప్పటికే జున్నుండాది.
తల మాత్రం ఊపినారు.

మనుషులు నలభై మంది, చెంచాలు ఏడు.
మిగిలినోళ్ళకు బాదమాకు ముక్కలు.
మిరియాల ఘాటుకు ముసలాయన దగ్గుతా నవ్వినాడు.
కరుణాకర్ కొడుకు మూడుసార్లు వరసలో నిలబడినాడు,
మూడోసారి వాళ్ళ నాయన టోపీ పెట్టుకొని.

రూపాయల గడిలో ఏం రాయాలో తెలీక
"జున్ను" అని రాసినాను.
కింద కూడిక కుదరలేదు. కుదరకపోనీ అనుకున్నా.

ఈ పద్దులో నా పేరు లేక పద్నాలుగు నెలలు.
రాసేవాడు చెప్పనక్కరలేదని ఒక సాకు.
రాయవేలూరు ఆస్పత్రి నుంచి
నేనూ నా భార్యా ఒట్టి చేతులతో బస్సెక్కినప్పటి నుంచీ
మా ఇంట్లో మాటలు రేషను.
అన్నం పెట్టనా. పెట్టు. తలుపు వేసినావా. వేసినా.
ఆదివారం ఆమె రాదు.
రమ్మని నేనూ అడగను.

నవోమమ్మ కూడా ఏమీ అడగలేదు.
నా అన్నం డబ్బాలో అడుగునున్న జున్నంతా గీకి పెట్టి
మూత గట్టిగా నొక్కి
"సుగుణకు" అనింది. అంతే.

ఇంట్లో డబ్బా బల్ల మీద పెట్టినాను.
చాలాసేపు అట్లే ఉండాది.
చొక్కా మార్చుకొని వచ్చేసరికి
ఆమె వాకిట్లో గడప మీద కూర్చొని
వేలితో తీసుకొని తింటా ఉండాది.
నేను స్తంభం పక్కనే నిలబడిపోయినాను.
కదిలితే ఆపేస్తుందేమోనని.

ఆమె వేలు చప్పరించి, ముఖం కొంచెం చిట్లించి
"బెల్లం తగ్గినాది" అనింది.
కాసేపాగి,
"నవోమమ్మకు బెల్లం వెయ్యడానికి చెయ్యి రాదు మొదట్నించీ.
ఈసారి నన్ను పిలవమను."

రాత్రి ఆమె పడుకున్నాక పద్దు పుస్తకం తెరిచినాను.
నా పేరు. పది రూపాయలు.
కారణం: బెల్లం తగ్గిందన్నందుకు.

వచ్చే ఆదివారం లేచి చెప్తానో లేదో
ఇప్పుడైతే తెలీదు.
సిరా మాత్రం ఆరిపోయినాది.