అర టికెట్టు

కర్నూలు పెద్దాసుపత్రి గోడకు ఆనించి
మద్దిలేటిని మళ్ళీ కొలిచినారు.
పోయిన ఉగాది నాటి గీతే.

డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది:
కడుపులో నలుసుకు ముఖమింకా కుదరకముందే
అంగిట్లో ఒకచోట సొట్టపడి
చిన్న తిత్తై మెదడు దిక్కు పాకుతుందంట.
మెదడూ ఒక వేలు కిందికి చాపుతుందంట.
ఆ తిత్తిలో కొన్ని కణాలకు
పేరుపెట్టి పిలిచినట్టు
పెంచే పని అందుతుంది.

"వీనికి ఆ పిలుపు ముట్టలే."

"పుట్టినప్పుడు అందరంతే ఉన్న్యాడు గదమ్మా?"
"కడుపులో పెంచేది వేరే, హుసేనమ్మా.
వీటి వంతు బయటికొచ్చినాకే."

ఆదోని బస్సులో
పదమూడేండ్లోనికి అడక్కుండానే
అర టికెట్టు కొట్టినాడు కండక్టరు.
వాడు కిటికీకి మొగం పెట్టి పత్తి లారీలు లెక్కబెడుతున్నాడు.
ఆమె నోరు మూసుకుని
నాలుక కొనతో
అంగిటి కప్పును తడుముకుంటా
కోడుమూరు దాటింది.