లాటు నంబరు లేనిది

సీసాలు అరవై మూడు.
లెక్కపెట్టింది నేనే, పాత కస్టమ్స్ గోదాములో
మూడు రోజులు, రెండు కార్బన్ కాగితాలు పెట్టి.
పద్దు రాస్తుంటే చెయ్యి నా మాట వింది,
ముక్కే వినలేదు.

ఇత్తడి గంట మీద ఓడ పేరు సగమే ఉంది.
మిగతా సగం ఉప్పు తినేసింది.
లండన్ నుంచి దిగిన నిపుణుడు
ఆ సగం పేరు వేలు పట్టుకుని
నూట ముప్పై ఏళ్లు వెనక్కి నడిచాడు:
కార్తీకంలో తుఫాను, తెగిన లంగరు,
ఏ దొర విందుకో రావలసి
రాకుండా పోయిన విస్కీ పెట్టెలు.
"శబ్దతరంగాల యంత్రం కనిపెట్టిన నిధి"
అని కేటలాగు మొదటి పేజీలో వేశారు.

పెదజాలారిపేటలో ఏ కుర్రాణ్ణడిగినా చెప్పేవాడు.
యారాడ కొండ దీపం వెనక్కి
రాస్ కొండ చర్చి వెళ్లి దాక్కోగానే
పడవ తిప్పెయ్యాలి.
అక్కడ వేసిన వల తిరిగి రాదు.
ఆ చోటు పేరు దొరపారు.
ఏ దొరో, ఎందుకో
వాళ్ల తాతలకీ తెలీదు.

దిగినవాడు గరికిన పరసన్న.
పద్దెనిమిది బారల లోతు,
రోజుకి మూడు వేల రెండొందలు,
ఎడమ చెవిలో అప్పట్నుంచీ విరగని ఒక కెరటం.
లోపల ఏముందని అడిగాను.
"సీకటి బావూ.
సీకట్లో సీసాలు తొంగున్నాయి
పసిపిల్లల్నాగ, ఒకదాని పక్కన ఒకటి.
లేపడానికి సిగ్గేసింది."

అరవై నాలుగోది డెక్కు మీద జారి పగిలింది.
నిపుణుడు మోకాళ్ల మీద కూలబడి
చెక్క సందుల్లో వేలు ముంచి వాసన చూసి
తేనె, తోలు, ఎండుద్రాక్ష అని రాసుకున్నాడు.
ఆ రాత్రి పరసన్న చొక్కా ఉతుకుతూ
తల్లి కాసులమ్మ అడిగిందట:
"ఎవుల నావ తగలబెట్టార్రా?"

వేలం బీచ్ రోడ్డు హోటల్లో, ఎనిమిదో అంతస్తు.
అద్దం అవతల సముద్రం,
తన సామాను తనకే చూపించని సముద్రం.
తొమ్మిదో లాటు నలభై ఒక్క లక్షలకి
ఒక టెలిఫోను పాడుకుంది.
కొన్నవాడు తాగడట.
మూత తీస్తే ధర ఎగిరిపోతుందట.
సుత్తి పడ్డ ప్రతిసారీ
ఎక్సైజు ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడి
పర్మిట్ల కట్ట తడుముకున్నాడు.

పెట్టెలకి చుట్టుకుని ఒక వల కూడా పైకొచ్చింది.
నైలాను. నాచు పట్టి, ఆల్చిప్పలు కరిచి,
గోదాము గేటు పక్కన కుప్పగా పడుంది.
కొడుక్కి క్యారేజీ తెచ్చిన కాసులమ్మ
ఆగింది. వంగింది.
ఒక కన్ను విప్పి చూసింది, ఇంకోటి చూసింది.
"ముళ్లన్నీ ఎడంపక్కకి తిరిగున్నాయి.
మా మావది ఎడంచెయ్యి.
నా పుస్తెలెట్టి కొన్నాడు దీన్ని.
వారం తిరక్కుండా దొరపారు తినేసింది.
నెల్లాళ్లు నాతో మాటాడలేదు, సిగ్గుకి."

ఇంటికి తీసుకెళ్తానంది.
ఓడలోంచి వచ్చిన ప్రతిదానికీ
సర్కారుకి లెక్క ఉండాలి తల్లీ, అన్నాను.
"ఓడ మా వల్లోకొచ్చిందా,
మా వల ఓడ్లోకెళ్లిందా?" అంది.
ఇరవై ఏళ్ల సర్వీసులో
ఆ గడి ఏ ఫారంలోనూ చూడలేదు నేను.

కలం తీశాను.
వస్తువు: చెత్త. బరువు: ఇరవై రెండు కిలోలు.
విలువ దగ్గర సిరా ఆరిపోయింది.
విదిలించి, సున్నా చుట్టాను.
సున్నాకి సుంకం లేదు.

తడి వల భుజాన వేసుకుని
ఆవిడ ఫిషింగ్ హార్బరు వైపు నడిచింది.
రోడ్డు పొడుగునా నీటి చారిక.
ఒక సీసపు గుండు ఊడి గేటు దగ్గర పడింది.
చూశాను. పిలవలేదు.

ఇప్పుడది నా బల్ల మీద ఉంది,
ఫ్యాను వేసినా కాగితాలు ఎగరవు.
రసీదు రాసుకోలేదు.