వెనక్కి ఇవ్వని రవ్వ

కువైట్, షువైఖ్‌లో, టైర్ల దుకాణాల వెనక
రేకుల షెడ్డు. నా ముందు ఒక అక్రిలిక్ ముక్క.
పైన తమలపాకంత నోరు,
కింద కందిబేడంత తోక.
ఎత్తు రెండు వేళ్లు, అంతకు మించకూడదు.
ఆ తోక కింద సోలార్ బిళ్ళ కూర్చుంటుంది,
వెలుగంతా పోగై తన దగ్గరికే వస్తుందని.

ప్రొద్దుటూరులో పదమూడేళ్లు రాళ్లు పొదిగినవాణ్ణి.
రవ్వకి పరువేమిటంటే
పడ్డ వెలుగుని మింగకుండా
చూసేవాళ్ల కంట్లోకి విసిరికొట్టడం.
ఇక్కడ అదే తప్పు.
"ఒక్క కిరణం వెనక్కి రాకూడదు, అచ్చార్"
అంటుంది ఇంజనీరు బద్రియా.
(మొదటి రోజు ఆచారి అనే చెప్పాను.
ఇక్కడ అచ్చారంటే ఊరగాయట.
క్యాంటీన్లో ఇంకా నవ్వుతున్నారు.)

ఆమె తెర మీద ఎర్ర గీతలు, వందలు.
నోట్లోంచి దిగి, గోడకి తగిలి,
వంపు చెప్పిన దారినే తోకలోకి జారతాయి.
కొన్ని మాత్రం సగం దారిలో మనసు మార్చుకుని
వచ్చిన దారినే పైకి పోతాయి.
ఆ కొన్నింటి గురించే మా ఇద్దరికీ
నెలల తరబడి మాట పట్టింపు.

ఆమె లెక్క ఇరవై రెట్లు.
ఏప్రిల్లో చేశాం. ఇరవై రెట్లే వచ్చింది.
బిళ్ళ మాడింది.
ముక్కుపుడకకి కాడ అతికేటప్పుడు
మంట ఎక్కువైతే వచ్చే వాసన.

పదికి తగ్గించి ఇంకోటి చేశాం.
జూన్‌లో తౌజు లేచింది.
ఆకాశమంతా పసుపు కలిపిన పాలు,
పొద్దు ఎక్కడుందో చెప్పలేని రోజు.
పదకొండు నుంచి నాలుగు దాకా
ఎండలో మనుషులు పని చేయకూడదు.
మేము షెడ్డులో, ముక్క పైకప్పు మీద ఒంటరిగా.

వెలుతురు లేక కాదు.
ఉంది, అన్ని వైపుల నుంచీ, తలా కొంచెం,
పెళ్ళింట్లో చదివింపుల్లాగా.
మా ముక్క ఒక్క పెద్దమనిషి కోసమే
తలుపు తీసుకుని కూర్చుంది.
మీటరు ముల్లు పడుకుంది.
పక్కన ఏ సొగసూ లేని మామూలు పలక
తన కూలి తాను తెచ్చుకుంటోంది.

అప్పుడన్నాను, వచ్చిన అరబ్బీలో, రాని చోట హిందీలో:
కొన్ని కెంపులకి మేము ముఖాలు కొయ్యం, మేడమ్.
చింతగింజలా నున్నగా వదిలేస్తాం.
రవ్వలా మెరవవు.
కానీ బుడ్డిదీపం ముందు కూడా చావవు,
ఏ పక్కనుంచి చూసినా ఎర్రగానే ఉంటాయి.

ఆమె మాట్లాడలేదు.
తెర మీద గోడల్ని కొంచెం పక్కకి వంచింది.
నోరు తెరుచుకునే కొద్దీ అంకె పడిపోయింది.
ఏడు. నాలుగు.
రెండుంముప్పావు దగ్గర చెయ్యి ఆపి
గాజు పగిలినట్టు చూసింది.
తరుగు, అన్నాను తెలుగులోనే.
ఆ మాటకి నా దగ్గర అరబ్బీ లేదు.
అర్థమయిందో లేదో, అచ్చు పోయమంది.

ఇప్పుడు దాన్నే సాన పడుతున్నా.
పైనుంచి తొంగి చూస్తే
నా ముఖం కనపడకూడదు,
నోరంతా బిళ్ళ నలుపే నిండాలి.
ఎడమ అంచున ఒక తెల్ల మెరుపు
ఇంకా మిగిలింది.
ఊళ్ళో అయితే దానికే డబ్బులిచ్చేవాళ్లు.

రుద్దుతున్నా.