ఇరవై ఎనిమిది అంగుళాలు

దస్తగిరి ముందు గోడను చేత్తో తట్టినాడు,
పుచ్చకాయ బేరం చేసేవాడిలా
చెవి ఆనించి విన్నాడు.
"ఈడ రాయి ఉందమ్మా. ఈడ వట్టి మన్నే.
మన్నులో బోల్టు నిలబడదు,
నిలబడినట్టు నటిస్తుంది."

ప్రొద్దుటూరులో మా ఇల్లు
మామగారి కాలానిది.
బయట సున్నం, లోపల బంకమన్ను,
మధ్యలో ఎర్రగుంట్ల నుంచి
ఎద్దులబండ్ల మీద వచ్చిన నాపరాయి.
పొయ్యి గట్టు కూడా ఆ బండే.
పొయ్యి పైన గోడ మీద మసి
ముప్పై ఏళ్లలో మనిషి నీడంత పెరిగింది.
సున్నం కొట్టించిన ప్రతిసారీ
రెండు నెలలకే తిరిగొచ్చి
తన చోట తాను నిలబడేది.

చిమ్నీ అట్టపెట్టె హాల్లో ఉంది.
బిల్లు రెండుసార్లు చదువుకొని
మా ఆయన అన్నాడు:
"బాగా కిందికి తగిలించు, పొగ బాగా లాగుతుంది."
దస్తగిరి తల అడ్డంగా ఊపినాడు.
"దించితే మంట దాన్ని నాకుతుంది సార్.
జిడ్డు పట్టిన జల్లెడంటే నూనెలో నానిన వొత్తే.
పొగ తీయనీకి వచ్చినానా,
దీపం పెట్టనీకి వచ్చినానా?"
"మరి పైకి పెడితే?"
"పొగ దారి తప్పి మళ్లా అమ్మ కంట్లోకే."

సిలిండరు వరండాలోకి పోయింది.
మెయిన్ ఆపినాడు, ఫ్యాన్ ఆగింది,
వైశాఖం లోపలికొచ్చి కూర్చుంది.
డ్రిల్లుకు కరెంటు
పక్కింటి మున్నెమ్మ కిటికీలోంచి ఇచ్చింది.
మాబుకు పద్దెనిమిదేళ్లు,
డ్రిల్లు చేతికొస్తే ఆగలేడు.
"ఆగరా. వైరు యాడ పోయిందో ముందు చూడు."
"నిట్టనిలువుగా పోతుంది గదన్నా."
"పోవల్ల. వేసినోడు ఎవడో మనకు తెల్దు.
వాని బుద్ధి మీద పందెం కట్టొద్దు."
బోర్డు విప్పి చూస్తే
పైపు నిలువుగా పోలేదు.
మాబు పెన్సిలు గుర్తు పెట్టిన చోటికే
వంకరగా వచ్చి పడుకొని ఉంది, పాములాగ.

"వంట చేసేదెవరు?"
నేనే అన్నా.
"వచ్చి నిలబడమ్మా. ఊరికే కాదు,
గరిటె పట్టుకొని, కలిపినట్టు."
వట్టి బాండలిలో గాలిని కలిపినా.
మా ఆయన నవ్వినాడు.
నాకు నవ్వు రాలేదు.
గట్టు కట్టిన మేస్త్రీ తన నడుము చూసి కట్టినాడు.
అటక మామగారి చెయ్యెత్తుకు.
కిటికీ ఎవరి ఎత్తుకో తెల్దు,
దాంట్లోంచి ఇన్నేళ్లూ ఆకాశమే చూసినా,
వీధిని చూసిందే లేదు.
ఈ వంటింట్లో ఎవరైనా
నా నుదురు చూసి గీత గీసింది
ఇదే మొదలు.
పొయ్యి మీది నుంచి టేపు పట్టి
"ఇరవై ఎనిమిది," అన్నాడు మాబు.
"తలకు తగలదు, మంటకు అందదు. చాలు."

గొట్టం ముందు తూర్పుకే పోవాల్సింది.
తూర్పున మున్నెమ్మ కిటికీ.
"కరెంటిచ్చినామె ఇంట్లోకి
మన తాళింపు తోలేది న్యాయమా?" అని
ఉత్తరం గోడకు చిల్లు కొట్టినాడు.
బండ అరిచింది, దుమ్ము లేచింది, తర్వాత
గోడలోంచి వీధి కనిపించింది,
గుండ్రంగా.
నూలు కండెల మూటతో ఒక సైకిలు,
సగం కుక్క,
ఎవరిదో ఎర్రని చెప్పు.
గొట్టం పెట్టేలోగా
ఎంత చూసుకోవాల్నో అంత చూసుకున్నా.

ప్లగ్గు పెట్టేముందు మళ్లీ ఆగినాడు.
మూడో రంధ్రం వెనక ఏ వైరూ లేదు.
పచ్చ వైరు లాక్కుంటూ పెరట్లోకి పోయినాడు.
ఎర్తు గుంత పెన్నేరు ఇసుకలాగ ఎండి ఉంది.
రెండు బిందెలు పోయించినాడు.
"భూమికి దప్పికైతే
దెబ్బ మనకు తగుల్తుందమ్మా."

స్విచ్చు వేసి
పేపరు ముక్క ఆనిస్తే గట్టిగా అతుక్కుంది.
"కిటికీ రవంత తెరిచి పెట్టండి,
లోపలికి గాలి రాకుంటే
ఇది దేన్ని బయటికి తోస్తాది?"
మాబు పనిముట్లు సర్దుకుంటున్నాడు.
"అది మీ పరీక్ష," అన్నా,
"నాది ఇంకోటుంది."

సిలిండరు తెప్పించి, పొయ్యి ముట్టించి
గుప్పెడు ఎండుమిరపకాయలు నూనెలో వేసినా.
అవి ఉబ్బినాయి, నల్లబడినాయి,
కొంగు దానంతట అదే ముక్కు దాకా పోయి
అక్కడ పనేమీ లేక
కిందికి జారింది.

హాల్లోంచి మా ఆయన,
దగ్గకుండా, తుమ్మకుండా:
"ఏమే, ఇంకా పొయ్యి ముట్టియ్యలేదా?"